తడి చెయ్యి తగలని ఇల్లు

మీ బీరువా వెనక్కి చివరిసారి ఎప్పుడు తొంగి చూశారు? నిజం చెప్పండి. ఇంట్లో దిగిన రోజు కూలీలు దాన్ని గోడకి ఆనించి వెళ్లాక మళ్లీ అటు కన్నెత్తి చూడలేదు కదూ? అందుకే మరి, వరలక్ష్మీ వ్రతానికని పట్టుచీర తీయబోతే మడతల్లోంచి ఆ వాసన గుప్పుమంది!

ఏ వాసనో విడమరిచి చెప్పాలా? ముక్కిన బియ్యం, తడి గోనెసంచి, మూసేసిన లైబ్రరీ. మూడూ కలిపి మూతపెట్టి నాలుగు రోజులాగి తీసినట్టుంటుంది. అదిగో, మీ ముక్కు అప్పుడే గుర్తుపట్టేసింది.

మాది విశాఖపట్నం. "అబ్బ, అదృష్టవంతులండీ, బీచి పక్కనే ఉంటారు" అంటారు హైదరాబాదు చుట్టాలు. అదృష్టమే, కాదన్ను. కానీ సముద్రం ఒక్కత్తీ రాదండీ. చెమ్మని చంకనేసుకుని మరీ వస్తుంది. పదిహేడేళ్లలో ఆరు అద్దె ఇళ్లు మారాం. ఆరింట్లోనూ బూజు పలకరించింది. ఒకచోట నల్లగా, ఒకచోట పచ్చగా, ఒకచోట తెల్లటి నూగులా. బాత్‌రూం మూలల్లో గులాబీ రంగు పూత కూడా వస్తుంది. అది మాత్రం చాలాసార్లు బూజు కాదు, బ్యాక్టీరియా. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా తోమేయాల్సిందే.

అసలు మన తెలుగులో ఒక తమాషా ఉంది, గమనించారా? పైకప్పు మూలల్లో వేలాడే సాలెగూళ్లనీ బూజే అంటాం. రొట్టె మీద మొలిచే పచ్చటి నూగునీ బూజే అంటాం. రెండూ ఒకటే అనుకుని బూజుకర్ర పుచ్చుకుని గోడ మీదికి వెళ్లేవాళ్లున్నారు. మీరు వెళ్లలేదు కదా? ఈ రెండో బూజు బూజుకర్రకి లొంగదు సరికదా, పొడిగా దులిపితే దాని విత్తనాలు పొడిలా లేచి ఇల్లంతా చల్లుకుపోతాయి. ఉన్న గోడ చాలక పక్క గోడ కూడా మీరే చేతికిచ్చినట్టు!

విత్తనాలంటే మీరు పొలంలో చల్లేవి అనుకోకండి. బూజు లాంటి శిలీంధ్రాలకి సిద్ధబీజాలని ఉంటాయి. కంటికి కనబడవు. గాలిలో ఎప్పుడూ ఉంటాయి. మీ ఇంట్లో, మా ఇంట్లో, కలెక్టరుగారి ఇంట్లో కూడా. వాటిని రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అవి గోడ మీద వాలి తడి దొరుకుతుందా అని చూస్తాయి. దొరికిందా, కాపురం పెట్టేస్తాయి. తిండికి లోటు లేదు. గోడ మీద దుమ్ము, రంగులోని జిగురు, కాగితం, తోలు, చెక్క, పట్టు. అన్నీ వాటికి విందే. వాటి చేతిలో లేనిదల్లా నీళ్లు. ఆ ఒక్కటీ మనం పెడుతున్నాం.

ఇంతకీ ఆ వాసన సంగతి పూర్తిచేయలేదు. తొలకరి పడగానే మట్టి వాసనకి పరవశించిపోతారే, అందులో ముఖ్యమైన పదార్థం పేరు జియోస్మిన్. మట్టిలో స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. కొన్ని బూజులు కూడా చేస్తాయి. మన ముక్కు దాన్ని పిసరంత ఉన్నా పట్టేస్తుంది. పెరట్లో వస్తే "ఆహా" అంటాం. బీరువాలో వస్తే "ఛీ" అంటాం. వాసనకేం తెలుసు పాపం, ఎక్కడ రావాలో!

సరే, ఇప్పుడు వంటింట్లోకి రండి. ఉప్పు జాడీ మూత తీయండి. ఎందుకంటారా? మీ ఇంట్లో తేమ కొలిచే పరికరం అదే కాబట్టి. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు గాలిలోంచి నీళ్లు లాక్కుని కరగడం మొదలెడుతుంది. కల్లుప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకాస్త ముందే చెమరుస్తుంది. గదిలో తేమ 60 శాతం దాటనివ్వకూడదన్నది అందరూ చెప్పే లెక్క. అంటే ఉప్పు ముద్దయిపోయిందంటే బూజుకి ఆహ్వానపత్రిక అచ్చయిపోయినట్టే. మా అత్తగారు జాడీ చేత్తో ఊపి చూసేవారు. గలగలమంటే అప్పడాలు బయట ఉండొచ్చు. మౌనంగా ఉంటే అప్పడాలు డబ్బాలోకి, పుస్తకాలు పై అరలోకి, తోలు చెప్పులు గాలి తగిలేచోటికి. ఇప్పుడు బజార్లో చిన్న డిజిటల్ మీటర్లు దొరుకుతున్నాయి. నేనూ ఒకటి కొన్నాను. ఉప్పు జాడీ చెప్పిందీ అదే, మీటరు చెప్పిందీ అదే. నాకెంత సంతోషం వేసిందో!

ఇల్లు వెతుక్కుంటున్నారా? అయితే ఈ మాట చెవిలో వేసుకోండి. ఆషాఢంలో చూడండి. అదేంటమ్మా, ఆషాఢంలో ఎవరైనా ఇల్లు మారతారా అని కళ్లెర్రజేయకండి. మారమని ఎవరన్నారు? చూడమన్నాను. శూన్యమాసం కదా అని ఎవరూ మారరు కాబట్టి టులెట్ బోర్డులు తీరిగ్గా వేలాడుతుంటాయి. నైరుతి రుతుపవనాలు వచ్చి వానలు పడుతుంటాయి కాబట్టి గోడలు అబద్ధం ఆడలేవు. వేసవిలో చూస్తే ప్రతి ఇల్లూ బంగారమే. మే నెలలో ముచ్చటపడి అడ్వాన్సిచ్చి, జూలైలో తల పట్టుకున్నవాళ్లు ఎంతమందో! ఆషాఢంలో చూసి పెట్టుకోండి, శ్రావణంలో పాలు పొంగించండి. శాస్త్రమూ దక్కుతుంది, గోడా దక్కుతుంది.

చూసేటప్పుడు ఎలా చూడాలి? హాలు వైశాల్యం, బాల్కనీ గాలి తర్వాత. ముందు గోడ అలమరాలు తెరిచి తల లోపల పెట్టి ఒకసారి గట్టిగా పీల్చండి. ఇంటావిడ వింతగా చూస్తుంది. చూడనీయండి. నాలుగు గోడల్లో ఒక్క దానికే కొత్త రంగుంటే ఎందుకని అడగండి. క్యాలెండర్ ఎత్తి చూడండి. బాత్‌రూం గోడకి అవతలివైపు ఏ గది ఉందో చూసి, ఆ గోడ అడుగుభాగం మీద అరచెయ్యి ఆనించండి. చల్లగా, జిగటగా తగిలిందా? నమస్కారం పెట్టి కాఫీ తాగి వచ్చేయండి. కాఫీ మానకండి, పెద్దవాళ్లు బాధపడతారు.

ఇక బీరువా. వాస్తు ప్రకారం బరువు ఎక్కడుండాలి? నైరుతిలో. మన వానలు ఏ దిక్కు నుంచి వస్తాయి? నైరుతి! ఇంతకన్నా వింత ఉందా? ఇంట్లోకెల్లా పెద్ద బరువు తీసుకెళ్లి రెండు బయటి గోడలు కలిసే మూలలో, వాన కొట్టే వైపు, గాలి చొరనీకుండా అతికిస్తాం. వెనక చీకటి, చల్లదనం, కదలని గాలి. బూజుకి అంతకన్నా చల్లని పందిరి ఉంటుందా? అలాగని వాస్తు వదిలేయమనడం లేదు. మీ బీరువా నైరుతిలోనే ఉండనీయండి. గోడకి బెత్తెడు దూరం జరపండి, చాలు. ఆ బెత్తెడు సందులోంచి గాలి ఆడిందంటే గోడ ఆరుతుంది. కింద నాలుగు చెక్కముక్కలు పెడితే ఇంకా మేలు. ఏ వాస్తు పండితుణ్నైనా అడగండి, బెత్తెడుకి అభ్యంతరం చెప్పరు.

అసలు ప్రశ్న ఇప్పుడు వస్తుంది. తడి ఎక్కణ్నించి వస్తోంది? ఇది తేలకుండా గోడ తోమినవాళ్లు మళ్లీ మళ్లీ తోముతూనే ఉంటారు. దారులు మూడు. ఒకటి పై నుంచి. పై వాటా బాత్‌రూం టైల్స్ సందుల్లోంచో, పగిలిన పైపులోంచో, డాబా మీద నిలిచిన వాననీళ్లలోంచో దిగుతుంది. రెండోది కింద నుంచి. వత్తి నూనె పీల్చినట్టు గోడ నేలలోని నీళ్లు పీలుస్తుంది. నేల నుంచి రెండుమూడు అడుగుల దాకా రంగు పొక్కులొచ్చి రాలుతుంటే ఇదే. మూడోది గాలిలోంచి. చల్లటి మంచినీళ్ల చెంబు మీద బొట్లు పడతాయే, అలాగే చల్లబడ్డ గోడ మీద గాలిలోని ఆవిరి నీళ్లవుతుంది.

ఈ మూడోది భలే గడుసుది. పక్కగదిలో మీ అబ్బాయి ఏసీ 18లో పెట్టి దుప్పటి ముసుగేసుకుని పడుకుంటాడు చూడండి. ఆ మధ్యగోడ ఇవతలి వైపు చల్లబడుతుంది. ఇవతల గదిలో ఉక్కగాలి దాని మీద చెమటలా పడుతుంది. అబ్బాయి హాయిగా నిద్ర, గోడకి జలుబు! 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది. కరెంటు ఆదాకోసం పెట్టారు గానీ గోడలకీ అదే పథ్యం. ఏసీ రిమోట్ మీద నీటిబొట్టు బొమ్మ ఒకటుంటుంది. ఎప్పుడైనా నొక్కారా? ముసురు పట్టిన రోజున నొక్కండి. గది మరీ చల్లబడకుండా గాలిలో తేమ లాగేస్తుంది.

గోడదా, గాలిదా అన్న తగవు తీర్చడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. నాకు అది చేయడమంటే పండగ. అడుగు పొడవు, అడుగు వెడల్పు పలచని ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకోండి. చెమ్మ చోట గోడ మీద తుడిచి ఆరబెట్టి, ముక్కని నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించండి. రెండు రోజులు ఆగండి. మధ్యలో పీకి చూడకూడదు, ఆత్రం పనికిరాదు! తర్వాత చూస్తే గోడ వైపు బొట్లున్నాయా? తడి గోడలోంచే వస్తోంది. గది వైపు బొట్లున్నాయా? తడి గాలిలోది. అంటే మొదటిదైతే ఇంటాయన పని. రెండోదైతే చాలావరకు మన పని.

ఇంకో చిన్న అనుమానం కూడా తీర్చేస్తా. గోడ మీద తెల్లగా దూదిలా కనబడేదంతా బూజు కాదు. సిమెంటు, ఇటుక, ఇసుకల్లోని లవణాలు నీళ్లతో పాటు బయటికొచ్చి, నీళ్లు ఆరిపోయాక తెల్లటి పొడిలా పూస్తాయి. ఉప్పు పూసిందంటాం. ఒక్క చుక్క నీళ్లు వేయండి. కరిగితే ఉప్పు. కరగకుండా నూగులా అంటుకుంటే బూజు. ఉప్పైనా సంతోషపడిపోకండి. అది కూడా "లోపల నీళ్లున్నాయమ్మా" అని చెప్పడానికే వచ్చింది.

మా మూడో ఇంట్లో ఆ ప్లాస్టిక్ పరీక్షే మమ్మల్ని కాపాడింది. పడగ్గది పైకప్పు మూల నల్లబడింది. ఇంటాయన వచ్చి చూసి, "మీరు కిటికీలు తీయరండీ, వంట కూడా ఎక్కువే" అన్నారు. వంట ఎక్కువట! నలుగురికి వండితే ఎక్కువా? వాదన పెట్టుకోలేదు. ప్లాస్టిక్ ముక్క అతికించాను. రెండో రోజు ఆయన్నే పిలిచి పీకమన్నాను. గోడ వైపు ముత్యాల్లా బొట్లు. ఆయన మాట్లాడలేదు. పై వాటాలోకి వెళ్లారు. బాత్‌రూం టైల్స్ మధ్య సిమెంటు ఊడిపోయింది. మేస్త్రీ ఒక్క పూటలో సందులు నింపాడు. మూల ఆరడానికి మాత్రం నెలన్నర పట్టింది. గోడ తాగినంత తొందరగా కక్కదు మరి. ఆరకుండా రంగు వేయించుకోకండి, ఆ డబ్బు గోడ మింగేస్తుంది.

ఇంటాయనతో మాట్లాడే తీరు కూడా ఉంది. కోపంగా ఫోన్ చేస్తే కోపమే వస్తుంది. దిగిన రోజునే ప్రతి గోడకీ ఫోటో తీసి పెట్టుకోండి. మరక కనబడ్డ రోజున తేదీతో సహా ఫోటో పంపి, "బాబాయిగారూ, ఇది మీ గోడ, పాడైపోతుంటే చూడలేక చెప్తున్నా" అని రాయండి. నిజం కూడా అదే కదా! వారం తర్వాత ఇంకో ఫోటో. మాట గాలికి పోతుంది, రాత నిలుస్తుంది. మన దేశంలో 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లోనే ఒక మాట ఉంది. యజమాని చేయించాల్సిన మరమ్మతు, నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవాళ్లు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే ఆ రాతే చెల్లుతుంది. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టమైతే పనులు పంచిపెట్టింది. కట్టడం మరమ్మతులు, గోడలకి వెల్ల, పైపులు మార్చడం యజమాని వాటా. కుళాయి వాషర్లు, కాలువ శుభ్రం మన వాటా. అయితే నమూనా చట్టం కదా, ఏ రాష్ట్రం తీసుకుంటే అక్కడే అమలు. కాబట్టి పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు "నీటి చెమ్మ మరమ్మతు ఎవరిది" అన్న ఒక్క వాక్యం రాయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరు చెప్పి ఒక నెల అడ్వాన్సు పట్టుకునే అలవాటు మీకు తెలిసిందే. ఆ రోజున ఆ వాక్యం, ఈ ఫోటోలు మీ తరఫున మాట్లాడతాయి.

హుద్‌హుద్ గుర్తుందా? 2014 అక్టోబర్ 12. వైజాగు వాళ్లకి తేదీ చెప్పక్కర్లేదు. మా కిటికీ అద్దాలు పగిలి తూర్పు గది చెరువైంది. కరెంటు లేదు. ఫ్యాను లేదు. మొదటి రోజంతా గాజుపెంకులు ఏరడంతోనే సరిపోయింది. రెండో రోజు పరుపు ఎండేద్దామంటే డాబా మెట్ల నిండా చెట్టుకొమ్మలు. మూడో రోజున పరుపు తిరగేస్తే అడుగున మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు! అప్పుడు నేర్చుకున్నాను, తడిసిన వస్తువుని 24 నుంచి 48 గంటల్లోపు ఆరబెట్టాలని. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెప్పే గడువూ ఇదే. రెండు రోజులు. అందుకే తుఫాను వెలిశాక ఇల్లు ఊడ్చే పని తర్వాత పెట్టుకోండి. ముందు పరుపులు, దిండ్లు, పుస్తకాలు పైకి లేపండి. గచ్చు ఎక్కడికీ పోదు.

వచ్చేసిందా గోడ మీదికి? కంగారు వద్దు. అరచెయ్యంత మచ్చ అయితే మనమే దిగొచ్చు. మూతికి మాస్కు, చేతికి తొడుగులు. ఆ గది తలుపు వేసి, బయటి కిటికీ తీయండి. ముందు సబ్బునీళ్లు చిలకరించి మచ్చ తడపండి, విత్తనాలు లేవకుండా. తర్వాత సర్ఫ్ నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. ఆ గుడ్డని మళ్లీ వంటింట్లోకి తేకండి, పారేయండి. చివర్న ఫ్యాను పెట్టి ఎముకలా ఆరేదాకా ఆరబెట్టండి. బ్లీచింగ్ ద్రవం టైల్స్ మీద బాగానే పనిచేస్తుంది. కానీ నీళ్లు పీల్చే గోడలో అది పైపైనే తెల్లబరుస్తుంది, లోపల వేళ్లు అలాగే ఉంటాయి. ఇంకో మాట, ఇది మాత్రం నవ్వకుండా వినండి. బ్లీచింగ్‌నీ బాత్‌రూం కడిగే యాసిడ్‌నీ ఎప్పుడూ కలపకండి. వెనిగర్‌తో కూడా వద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది, ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లో, పసిపిల్లలో, తరచు తుమ్ములతో లేచేవాళ్లో ఉంటే వాళ్లని ఆ గదికి దూరంగా ఉంచి పని చేయండి. గోడంతా పాకితే మేస్త్రీని పిలిపించమని ఇంటాయనకే చెప్పండి. 2021లో బ్లాక్ ఫంగస్ పేరు విన్నప్పటి నుంచి గోడ మీద నలుపు చూస్తేనే గుండె జారిపోయే వదినగారొకరున్నారు మా వీధిలో. ఆ జబ్బు వేరు, ఈ నలుపు వేరు. అది మ్యూకొరేల్స్ అనే వర్గం శిలీంధ్రాలవల్ల వచ్చేది. చక్కెర అదుపులో లేక, స్టెరాయిడ్లు వాడినవాళ్లకి కరోనా రోజుల్లో ఎక్కువగా సోకింది. గోడ మీది నలుపు తుమ్ములు తెప్పించొచ్చు, ఆయాసం పెంచొచ్చు. అందుకే తుడవాలి. భయపడి కూర్చుంటే మాత్రం తుడిచేవారెవరు?

బట్టల్లో కలరా ఉండలు వేశాం కదా అంటారా? అవి పురుగుల కోసం. బూజు వాటిని లెక్కచేయదు. పసిపిల్లల బట్టల్లో అయితే అసలే వద్దు, కొందరు పిల్లలకి ఆ ఘాటు రక్తానికే కీడు చేస్తుంది. సాంబ్రాణి పొగ? ఇంటికి దేవాలయం కళ తెస్తుంది, నాకూ ప్రాణం. కానీ అది వాసన మీద దుప్పటి కప్పుతుంది, అంతే. దుప్పటి కింద బూజు హాయిగా నిద్రపోతుంది.

మరి మన పెద్దవాళ్లు ఏం చేసేవారు? వెల్ల! ఏటా సంక్రాంతికి ముందు గోడలకి సున్నం కొట్టించేవారు. అందంకోసమే అనుకునేదాన్ని చిన్నప్పుడు. సున్నం గట్టి క్షారం. దాని మీద బూజు మొలవడం కష్టం. పైగా సున్నం గోడ ఊపిరి పీలుస్తుంది, లోపలి చెమ్మని బయటికి వదిలేస్తుంది. ఇప్పటి ప్లాస్టిక్ రంగులు నున్నగా మెరుస్తాయి, తుడిస్తే మరక పోతుంది, నిజమే. కానీ గోడలో నీళ్లున్నాయంటే బయటికి దారి దొరక్క బుడగలై లేస్తాయి. సున్నంతో మైలుతుత్తం కలిపితే ఏమవుతుందో కోనసీమ రైతుని అడగండి. బోర్డో మిశ్రమం! కొబ్బరికి మొవ్వుకుళ్లు వస్తే వేసే మందు అది. ఫ్రాన్స్‌లో ద్రాక్షతోటల వాళ్లు దారినపోయేవాళ్లు పళ్లు కోసుకోకుండా దారి పక్క తీగలకి ఈ నీలి పూత పూసేవారట. ఆ తీగలకే తెగులు రాలేదని మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త గమనించి 1885లో లోకానికి చెప్పాడు. పళ్ల దొంగల పుణ్యమా అని పంటకి మందు దొరికింది!

ఇంత తిట్టాక బూజు గురించి ఒక మంచిమాట చెప్పకపోతే అన్యాయం. పెన్సిలిన్ కథ మీకు తెలుసు, 1928లో ఫ్లెమింగ్ పళ్లెంలో వాలిన బూజు. ఉల్లిపాయ పొర మీద నల్లటి మసి కనబడుతుందే, అది సాధారణంగా ఆస్పర్జిల్లస్ నైగర్. దాన్నే పెంచి సిట్రిక్ యాసిడ్ తీస్తారు. మీరు తాగే నిమ్మ సోడాలో పులుపు చాలావరకు దాని చలవే. ఇక మన భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో పుట్టి, అమెరికా వెళ్లి, లెడర్లే ప్రయోగశాలలో ఆరియోమైసిన్ లాంటి మందులకి దారి వేశారు. ఆయన పోయాక 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్! ఊళ్లో వీధికి పేరు పెట్టడం చూశాం, విగ్రహం చూశాం. ఒక బూజుకి మనవాడి పేరు! నాకైతే ఈ మాట తలచుకున్నప్పుడల్లా గుండె పొంగుతుంది.

ఇన్ని చెప్పాను గానీ, అసలు ఈ విద్యంతా మీకు ముందే వచ్చు. ఎక్కడ నేర్చుకున్నారంటారా? ఆవకాయ దగ్గర! కాయలు కడిగాక గుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తారు. జాడీ ఎండలో పెడతారు. పైన నూనె తేలేలా చూస్తారు. వాసెన కడతారు. "తడి చెయ్యి పెట్టకే" అని ఇంట్లో ఎంతమందిని కసిరి ఉంటారు? ఏడాదంతా ఆ జాడీ పక్కనే వానలు కురిసినా, ఉక్కపోసినా బూజు రాదు. ఇల్లూ అంతే. పిండిన బట్టలు పడగ్గదిలో ఆరేశారా? అది తడి చెయ్యి. ఆ నీళ్లన్నీ మీ గోడలకే వెళతాయి. వంట చేస్తూ కిటికీ మూశారా? తడి చెయ్యి. స్నానం చేసి బాత్‌రూం తలుపు గదిలోకి బార్లా తెరిచారా? అదీ తడి చెయ్యే. తలుపు వేసి, ఫ్యాను ఒక పావుగంట ఆడించండి. తడి గొడుగు మడిచి అలమరాలో పెట్టారా? మీ అమ్మగారుంటే కసిరేవారు.

కార్తీకం దాటనీయండి. మార్గశిరం వచ్చేసరికి గాలి పొడిబారి, ఎండ మెత్తబడి, మా డాబా మీద చాపలు పరుస్తాను. పట్టుచీరలు నీడ పట్టున, పుస్తకాలు విప్పారదీసి, దిండ్లు ఎండ వైపు, పెళ్లి ఆల్బమ్ ఒక పక్కన. సాయంత్రం వాటిని లోపలికి తెస్తుంటే వెచ్చటి వాసన వస్తుంది, కొత్త అటుకుల వాసన లాంటిది. ఆ పూట ఉప్పు జాడీ ఊపి చూస్తాను. గలగలమంటుంది. మీరూ తెచ్చుకోండి మీ చీరలు. గోడ మీంచి అందించండి, తాడు ఇంకా ఖాళీగానే ఉంది.